7312 తర్వాతి అక్షరాలు: ఒక డీజిల్ పంపు డైరీ

1వ రోజు

పొద్దున్నే మా పంపుల రిపేరు షెడ్డు ముందు ట్రాలీ ఆటో ఆగింది. బాలానగర్‌లో మా సందులోకి అంతకంటే పెద్ద బండి తిరగదు. చైన్ బ్లాకుతో దించుతుండగానే మా సీనియర్ ఫిట్టరు షాఫ్ట్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పాడు. "గరగర అంటున్నది సార్. కప్లింగ్ దిక్కుది పోయింది" అన్నాడు. ముప్పై ఏళ్ల చెయ్యి అది, పరికరం అక్కర్లేదు.

పంపు ఊరి అంచున ఉన్న ఒక ఇంధన టెర్మినల్‌ది. ట్యాంకులోని డీజిల్‌ని లారీలు నింపే గ్యాంట్రీకి తోస్తుంది. ఓవర్‌హంగ్ రకం. అంటే ఇంపెల్లర్ (డీజిల్‌ని తోసే రెక్కల చక్రం) షాఫ్ట్ చివర వేలాడుతుంది, బేరింగులన్నీ దాని వెనక బ్రాకెట్‌లో ఉంటాయి. ఇంపెల్లర్ వైపు 6312 నంబరు బేరింగ్, అది రేడియల్ లోడు, అంటే షాఫ్ట్‌కి అడ్డంగా పడే బరువు మోస్తుంది. మోటారుతో కలిపే కప్లింగ్ వైపు ఒక జత 7312, అవి ఇంపెల్లర్ లాగే త్రస్ట్‌ని, అంటే షాఫ్ట్ పొడవునా వచ్చే తోపుని పడతాయి. స్పీడు నిమిషానికి 2960 చుట్లు. అక్కడ ఇలాంటివే రెండు పంపులున్నాయి, ఏ, బీ. మాకొచ్చింది ఏ.

ఏడాదిలో మూడుసార్లు త్రస్ట్ బేరింగులు మార్చారట. మార్చిన నాలుగైదు నెలలకే మళ్లీ వేడి, మళ్లీ చప్పుడు. టెర్మినల్ మెయింటెనెన్స్ ఇంజినీరు మేడమ్ ఫోన్లో చెప్పింది ఒకటే మాట: "ఈసారి కాస్త పెద్ద బేరింగ్ వేయండి సార్. మా పైవాళ్లకి నేను జవాబు చెప్పుకోలేకపోతున్నాను."

చూసి చెప్తానన్నాను. షెడ్డు కుర్రాళ్లకి మాత్రం ఒకటే చెప్పాను, నేను చూసేదాకా కిరోసిన్‌లో దేన్నీ కడగొద్దని. కడిగేస్తే సగం సాక్ష్యం ట్రేలోకి పోతుంది.

2వ రోజు

ఇవాళంతా పోస్ట్‌మార్టమే.

ముందు నూనె. నల్లగా ఉంది, చేతివేళ్ల మధ్య రుద్దితే మెరుపు రవ్వలు. డ్రెయిన్ ప్లగ్ దగ్గర గోధుమరంగు ముక్కలు దొరికాయి, ప్లాస్టిక్ పెంకుల్లాగా. అవి కేజ్ ముక్కలు. బాల్స్‌ని దూరదూరంగా పట్టుకునే కేజ్ పాలిఅమైడ్‌ది. కొత్తగా ఉన్నప్పుడు వంచితే వంగుతుంది. ఇప్పుడు గోరుతో నొక్కితే అప్పడంలా విరిగింది. ఈ ప్లాస్టిక్‌ని 120 డిగ్రీలు దాటిన వేడిలో ఎక్కువ కాలం నడపకూడదు. బయట హౌసింగ్‌కి (బేరింగులు కూర్చునే పెట్టెకి) చెయ్యి కాలుతున్నప్పుడు లోపల ఎంత ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

కేజ్ ఎటూ పోయింది కాబట్టి బేరింగులు విడదీయడం తేలికైంది. రెండు ఇన్నర్ రింగుల్నీ ట్యూబ్‌లైట్ కింద పక్కపక్కన పెట్టాను.

ఈ పంపు నడుస్తున్నప్పుడు త్రస్ట్ ఒకవైపే, సక్షన్ వైపు, అంటే డీజిల్ లోపలికి వచ్చే వైపు. 7312 జతని వీపుకి వీపు ఆనించి బిగిస్తారు. త్రస్ట్ ఒకవైపే ఉన్నప్పుడు ఒక బేరింగ్ బరువు మోస్తుంది, రెండోది దాదాపు ఊరికే తిరుగుతుంది. కాబట్టి బరువు మోసినదాని మీద బాల్ దారి వెడల్పుగా, రింగు భుజం వైపు జరిగి ఉండాలి. రెండోదాని మీద సన్నటి, మసక గీత ఉండాలి. కానీ నా ముందున్న రెండు రింగుల మీదా దారి ఒకేలా ఉంది: వెడల్పుగా, చుట్టూ 360 డిగ్రీలూ, నీలం తిరిగి, మధ్యలో చిన్నచిన్న గుంటలు లేచి. వెర్నియర్ పెట్టి వెడల్పు కొలిచాను, తేడా ఏమీ లేదు.

రెండూ సమానంగా నలిగాయంటే వాటిని బయటి త్రస్ట్ నలపలేదు. ఒకదాన్నొకటి నొక్కుకున్నాయి. లోపల ఖాళీ అనేదే లేకుండా బిగుసుకుపోయి తిరిగాయి.

ఫిట్టరన్న కూడా వంగి చూశాడు. "ఇద్దరు అన్నదమ్ములు ఒకే మంచం మీద పడుకున్నట్టున్నది సార్" అన్నాడు. నేను రాసే రిపోర్టులో ఆ వాక్యం పెట్టలేను గానీ, అంతకంటే బాగా చెప్పలేను కూడా.

తర్వాత ఔటర్ రింగుల మీద నంబర్లు. ఒకదాని మీద 7312 బీఈసీబీపీ. రెండోదాని మీద 7312 బీఈపీ. మధ్యలో సీబీ లేదు. స్టోర్స్‌లో ఉన్నది ఉన్నట్టు తీసి వేసేసినట్టున్నారు, నంబరు ఒకటే కదా అని.

బేరింగులు చేసే ఎస్‌కేఎఫ్ కంపెనీ పద్ధతిలో ఆ తోక ఇలా చదవాలి. బీ అంటే కాంటాక్ట్ కోణం, అంటే బాల్ రింగుల్ని ఏటవాలుగా నొక్కే కోణం, 40 డిగ్రీలు. ఈ అంటే లోపలి డిజైన్ మెరుగుపరిచినది. సీబీ అంటే ఏ రెండు తెచ్చి జత కట్టినా మధ్యలో ఒక నిర్ణీతమైన ఖాళీ మిగిలేలా రింగుల ముఖాలు గ్రైండ్ చేసినవి అని. 60 మి.మీ. బోరుకి (షాఫ్ట్ దూరే రంధ్రానికి) ఆ ఖాళీ 26 నుంచి 38 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. చివరి అక్షరం కేజ్‌ది: పీ అయితే పాలిఅమైడ్, ఎం అయితే మెషిన్ చేసిన ఇత్తడి. సీబీ లేని బీఈపీ ఒంటరిగా వాడుకోవడానికి చేసినది. దాన్ని జతలో పెడితే మధ్యలో ఖాళీ ఎంత మిగులుతుందో, అసలు మిగులుతుందో లేదో ఎవరూ హామీ ఇవ్వరు.

దొంగ దొరికాడనుకుని మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ పాత బిల్లులు తీసి చూసి, ముందు రెండుసార్లూ బీఈసీబీపీ జతలే వేశామంది. అంటే సరైన జత వేసినా పోయింది. దొంగ ఇంకెవరో ఉన్నాడు.

సాయంత్రం ఆరు దాటాక, షెడ్డు చల్లబడ్డాక, షాఫ్ట్ మీద మైక్రోమీటర్ పెట్టాను. త్రస్ట్ బేరింగ్ కూర్చునే చోట 60.034. తిప్పి చూశాను, 60.033. ఇంకో చోట మళ్లీ 60.034.

ఇక్కడ ఉండాల్సింది కే5 ఫిట్, షాఫ్ట్ 60 కంటే ఎంత లావుండొచ్చో చెప్పే హద్దు. 60 మి.మీ. షాఫ్ట్‌కి అది +2 నుంచి +15 మైక్రాన్లు. దీనికి 34.

మేడమ్‌ని మళ్లీ అడిగితే అసలు సంగతి బయటపడింది. ఏడాది కిందట ఈ షాఫ్ట్ అరిగిందని ఎక్కడో మెటల్ స్ప్రే కొట్టించి, టర్నింగ్ చేయించి తెచ్చారట. వదులుగా ఉంటే మళ్లీ తిరుగుతుందేమోనని గట్టిగా ఉంచినట్టున్నారు. బేరింగులు పోవడం మొదలైంది కూడా అప్పటినుంచే. ఏడాదిపాటు బేరింగ్ మీద కేసు నడిచింది, ముద్దాయి షాఫ్ట్.

3వ రోజు

పెద్ద బేరింగ్ అడిగారు కాబట్టి లెక్క వేసి చూపించక తప్పదు.

ముందు త్రస్ట్ ఎంతో తెలియాలి. ఈ ఇంపెల్లర్‌కి వెనక కూడా ఒక వేర్ రింగు (సందులోంచి డీజిల్ కారడాన్ని తగ్గించే రింగు) ఉంది, బ్యాలెన్స్ రంధ్రాలున్నాయి. వెనక పేరుకునే ప్రెజర్ ఆ రంధ్రాల్లోంచి సక్షన్‌కి జారిపోతే త్రస్ట్ తగ్గుతుంది. రింగు అరిగితే లోపలికి కారే డీజిల్ పెరుగుతుంది, రంధ్రాలు దాన్ని పంపించలేవు, త్రస్ట్ పెరుగుతుంది. డ్రాయింగులో రింగు క్లియరెన్స్ 0.45 మి.మీ., మా కొలతలో 1.1. ఇదొక చిన్న దొంగ.

రింగులు బాగుంటే త్రస్ట్ 3 కిలోన్యూటన్లు, ఇలా అరిగితే 8.5 దాకా వెళ్లొచ్చని తేలింది. కప్లింగ్ వైపు రేడియల్ లోడు 2 అనుకున్నాను.

ఇలాంటి జతకి త్రస్ట్ ఎక్కువగా ఉన్నప్పుడు సమాన లోడు కట్టే పద్ధతి: రేడియల్‌ని 0.57తో, త్రస్ట్‌ని 0.93తో గుణించి కలపాలి. అరిగిన స్థితిలో 1.14, 7.9 కలిపి 9.05 కిలోన్యూటన్లు. ఒక్కో 7312 డైనమిక్ కెపాసిటీ, అంటే లెక్క ప్రకారం మిలియన్ చుట్లు మోయగల లోడు, 104 కిలోన్యూటన్లు. జతకి రెండింతలు రాదు, 1.62 రెట్లే, అంటే 168.5. దాన్ని 9.05తో భాగిస్తే 18.6. దాని ఘనం దాదాపు 6,460. అన్ని మిలియన్ చుట్లన్నమాట. గంటకి 1,77,600 చుట్ల లెక్కన 36 వేల గంటల పైచిలుకు.

ఇది ఎల్10 ఆయుష్షు. వంద బేరింగుల్లో తొంభై ఈ గంటలు దాటతాయి, పదింటికి గ్యారంటీ లేదు. రిఫైనరీ పంపులకి పెద్దబాలశిక్ష లాంటి ఏపీఐ 610 ప్రమాణం అడిగేది, రేటెడ్ స్థితిలో 25,000 గంటలు, గరిష్ఠ లోడులో 16,000. మనది అరిగిన రింగులతో కూడా 25 వేలు దాటేసింది. రింగులు బాగుచేసి 3 కిలోన్యూటన్లకి లెక్కేస్తే నాలుగు లక్షల గంటలు దాటుతుంది. అంత పెద్ద అంకె వస్తే ఆయుష్షు అంత ఉందని కాదు. ఆ బేరింగ్ అలసిపోయి చావదు, చస్తే మురికితోనో, నీళ్లతోనో, బిగువుతోనో చస్తుంది.

చిన్న సరదా. ఒక్క బేరింగే ఉందనుకుని విడిగా లెక్కేశాను, 37 వేలు వచ్చింది. అంటే రెండు వేసినా ఒకటి వేసినా ఒకటే. రెండు బేరింగులు కదా, రెట్టింపు బలం అని షాపులో అందరూ అనుకుంటారు. నేనూ కొన్నేళ్లు అలాగే అనుకున్నాను. వీపుకి వీపు పెట్టినప్పుడు రెండోది ఉన్నది బరువు పంచుకోవడానికి కాదు. పంపు స్టార్ట్ అయ్యేటప్పుడో, ఆగేటప్పుడో త్రస్ట్ తిరగబడితే పట్టుకోవడానికి. బరువు పంచుకోవాలంటే ఒకదాని వెనక ఒకటి ఒకే దిక్కుకి పెట్టాలి, అప్పుడు రెండో దిక్కుకి దిక్కుండదు.

ఆ రెండోది ఊరికే ఉండటం కూడా మంచిది కాదు. లోడు లేని బాల్స్ దొర్లకుండా జారతాయి, నూనె పొర చిరుగుతుంది. అందుకే మధ్యలో ఖాళీ ఉండాలి, మరీ ఎక్కువ ఉండకూడదు. ఈ జారుడు ఎక్కువైన పంపులకి 40 డిగ్రీలదొకటి, 15 డిగ్రీలదొకటి కలిపి జతగా అమ్మేవి కూడా ఉన్నాయి. మన కేసుకి అంత అవసరం లేదు.

4వ రోజు

మేడమ్ స్వయంగా వచ్చింది. హెల్మెట్ జుట్టుతోనే నేరుగా బెంచీ దగ్గరికి. రెండు రింగులూ చేతికిచ్చాను. ఒక నిమిషం చూసి, "రెండూ ఒకేలా ఎందుకున్నాయి?" అంది. ఆ ప్రశ్న తనంతట తాను అడిగింది కాబట్టి మిగతాదంతా పది నిమిషాల్లో అయిపోయింది.

వాళ్ల స్టోర్స్‌లో ఒక 3312 ఉందట, రెండు వరుసల యాంగ్యులర్ కాంటాక్ట్. "జత బదులు అది వేస్తే?" బోరు 60, బయట 130, అంతా సరే. వెడల్పు 54 మాత్రమే, మన జత 62. ఎనిమిది మిల్లీల స్పేసర్ పెడితే కూర్చుంటుంది, మన ఊళ్లో అలా నడిచే పంపులు లేకపోలేదు. కానీ ఏపీఐ 610 ఇక్కడ అడిగేది ఒంటి వరుసవి రెండు, 40 డిగ్రీలు, వీపుకి వీపు, మెషిన్ చేసిన ఇత్తడి కేజ్. వద్దన్నాను.

ఫిట్టరన్న ఇంపెల్లర్ వైపు గురించి అడిగాడు. "6312 తీసి ఎన్‌యూ 312 వేద్దాం సార్, రోలర్ గట్టిగుంటది." రోలర్ కెపాసిటీ దాదాపు రెట్టింపు, నిజమే. కానీ 6312 కెపాసిటీ 85.2, మీద పడేది 3 కిలోన్యూటన్లు. లెక్కలో లక్షా ఇరవై ఎనిమిది వేల గంటలు వస్తోంది. ఇప్పటికే లోడు తక్కువ, దాని మీద ఇంకా బలమైన రోలర్ వేస్తే రోలర్లు దొర్లకుండా ఈడ్చుకుంటాయి. 6312 సీ3 ఉంచుదామన్నాను. సీ3లో 60 బోరుకి 23 నుంచి 43 మైక్రాన్ల ఖాళీ, మామూలుదానికి 8 నుంచి 28. అన్న ఒప్పుకోలేదు గానీ వాదించలేదు. "మీరు లెక్క జేసిన్రు, నేను చెయ్యలే" అని టీకి వెళ్లిపోయాడు.

మేడమ్ ఇంకో మంచి ప్రశ్న వేసింది. ఇత్తడి కేజ్‌కి సల్ఫర్ పడదు కదా అని. పుల్లటి గ్యాస్, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న గ్యాస్, బేరింగులని తాకుతూ నడిచే స్క్రూ కంప్రెసర్లలో అది పెద్ద విషయమే, అక్కడ పీక్ అనే ప్లాస్టిక్ కేజ్‌లు వాడతారు. మన పంపులో మెకానికల్ సీల్ ఇవతల బేరింగ్ నూనె వేరు, అవతల డీజిల్ వేరు. ఇత్తడి నిశ్చింతగా వేయొచ్చు.

హౌసింగ్ చివర ఉన్న రబ్బరు లిప్ సీల్ కూడా తీసేస్తున్నాం. ఏపీఐ వాటిని ఒప్పుకోదు, షాఫ్ట్ మీద గాడి కోసేస్తాయి కూడా. షాఫ్ట్‌ని తాకకుండా మలుపుల సందులతో నూనెని ఆపే లాబిరింత్ రకం వేస్తాం.

6వ రోజు

షాఫ్ట్ గ్రైండింగ్‌కి జీడిమెట్ల పంపించాం. లావుగా ఉండటం అదృష్టం, సన్నంగా ఉంటే మళ్లీ స్ప్రే కొట్టించాల్సి వచ్చేది. 25 మైక్రాన్లు తీయాలి. తిరిగొచ్చాక కొలిస్తే 60.009. ముత్యంలా ఉంది. హౌసింగ్ బోరు 130.018, దానికి ఏ బెంగా లేదు. వేర్ రింగులు కొత్తవి తిప్పించాం.

ఆనందంలో ఒకటి చూడటం మర్చిపోయాను. అది తర్వాత.

7వ రోజు

రాణిగంజ్. ఏళ్ల తరబడి వెళ్తున్న కౌంటరే. సేటు పేపరు మీద నంబరు చూసి, 7312 జత డబ్బాలు టకటకా ముందు పెట్టాడు. చివరి అక్షరాలు వేలు పెట్టి చదివాను: బీఈసీబీపీ. ఇత్తడిది కావాలంటే, "అదే సైజు సాబ్, ఇదే ఎక్కువ అమ్ముతాం, రేటు కూడా తక్కువ" అన్నాడు. అబద్ధం ఏమీ లేదు. చాలా మోటార్లకి, చిన్న పంపులకి అది చక్కటి బేరింగే. నా పంపుకి కాదు. గోడౌన్ నుంచి బీఈసీబీఎం తెప్పించేసరికి గంట పట్టింది. డబ్బా మీద కోడ్‌ని ఫోన్ యాప్‌లో స్కాన్ చేసి, రింగు మీద చెక్కిన అక్షరాలతో సరిపోల్చుకున్నాను. సేటు నొచ్చుకోలేదు. నకిలీ సరుకు తిరిగే మార్కెట్టులో అసలు అమ్మేవాడికి అదొక మెచ్చుకోలు.

9వ రోజు

ఇవాళ తప్పు నాదే.

బేరింగుల్ని ఇండక్షన్ హీటర్ మీద 110 డిగ్రీలకి వేడి చేశాం. గ్యాస్ మంట మా షెడ్డులో నిషేధం. మొదటిది షాఫ్ట్ మీద వెన్నలా జారింది. రెండోదాని వీపు దానికి ఆనించాం. చల్లారేటప్పుడు రింగు అడ్డంగా కూడా కుంచించుకుని షాఫ్ట్ భుజం (రింగు ఆనే మెట్టు) నుంచి దూరం జరుగుతుంది కాబట్టి లాక్ నట్‌తో నొక్కి ఉంచాం. గంట తర్వాత అలవాటు కొద్దీ షాఫ్ట్ భుజానికీ రింగుకీ మధ్య ఫీలర్ (సందు కొలిచే పల్చటి ఆకు) పెట్టాను. 0.04 ఆకు లోపలికి దూరింది.

దూరకూడదు.

నట్ ఇంకా బిగించి చూశాం. మళ్లీ దూరింది, చుట్టూ ఒకేలా. అప్పుడు తట్టింది. రేడియస్ గేజ్ తెచ్చి షాఫ్ట్ భుజం మూల చూస్తే 2.5 సరిగ్గా కూర్చుంది. బేరింగ్ మూల చాంఫర్ (అంచు గుండ్రం చేసిన కొలత) కనీసం 2.1 ఉంటుంది, షాఫ్ట్ మూల 2 దాటకూడదు. గ్రైండింగ్ రాయి మూలని అలా గుండ్రం చేసి వదిలారు, నేను వ్యాసం మాత్రమే కొలిచి ముత్యం అనుకున్నాను. బేరింగ్ భుజానికి ఆనలేదు, మూల మీద ఎక్కి కూర్చుంది.

ఇక పీకాలి. జతలో ఇన్నర్ రింగుకి పుల్లర్ కాళ్లు అందవు. ఔటర్ రింగు పట్టుకుని లాగాం. లాగిన బలమంతా బాల్స్ మీదుగా పోతుంది, దారి మీద గుంటలు పడతాయి. బయటికి వచ్చాక చేత్తో తిప్పితే టిక్ టిక్ అని ప్రతి బాల్ తగులుతోంది. కొత్త జత, గంట కూడా తిరగకుండా తుక్కు.

డబ్బు మా జేబులోంచే. మేడమ్‌కి చెప్పకుండా దాచొచ్చు, చెప్పాను. కాసేపు ఆగి, "ఫీలర్ పెట్టకపోయి ఉంటే?" అంది. నాలుగు నెలల తర్వాత నాలుగోసారి వచ్చేదన్నాను.

10 నుంచి 12

ఏమీ జరగలేదు. లష్కర్ బోనాలు. ఉజ్జయిని మహంకాళి గుడి చుట్టూ రోడ్లన్నీ మళ్లించారు, రాణిగంజ్ షట్టర్లు దించేసి ఉంది. ఆదివారం మా అత్తమ్మ బోనం ఎత్తింది, నేను వెనక నడుస్తూ కూడా రెండున్నర రేడియస్ గురించే ఆలోచించాను. సోమవారం రంగం (భవిష్యవాణి) అయ్యేదాకా మార్కెట్టు తెరవలేదు. మంగళవారం షాఫ్ట్ మూల 1.8కి దిద్దించి తెచ్చాం.

13వ రోజు

కొత్త జత వచ్చింది. బోరు కొలిస్తే 59.994. షాఫ్ట్ 60.009. బిగువు 15 మైక్రాన్లు.

పాత కేసుని ఇప్పుడు అంకెల్లో చెప్పొచ్చు. అప్పుడు షాఫ్ట్ 60.034, ఇలాంటి బోరే అయితే బిగువు 40. బిగువులో దాదాపు 75–80 శాతం ఇన్నర్ రింగుని ఉబ్బిస్తుంది, అంటే 30 మైక్రాన్లు. 40 డిగ్రీల కోణం వల్ల అది పొడవు దిక్కులో దాదాపు 36 అవుతుంది. జతకి ఉన్న ఖాళీయే 26 నుంచి 38. పంపు స్టార్ట్ కాకముందే ఖాళీ అంతా హారతి కర్పూరం. నడిచాక ఇన్నర్ రింగు ఔటర్ కంటే ఎక్కువ వేడెక్కి ఇంకా ఉబ్బుతుంది. ఆ పై కథ రింగుల మీద చదివిందే.

ఈ షాఫ్ట్‌కి ఇదే 7312 కాదు, దానికంటే పెద్దది పట్టించినా అంతే జరిగేది.

ఈసారి మూల ముందు చూశాం, బేరింగ్ తర్వాత వేడి చేశాం. చల్లారాక 0.03 ఫీలర్ కూడా దూరలేదు. హౌసింగ్‌లో బిగించి, డయల్ గేజ్ షాఫ్ట్ చివర ఆనించి ముందుకీ వెనక్కీ నెడితే ముల్లు 0.02 మి.మీ. కదిలింది. ఫిట్టరన్న తన చేత్తో మళ్లీ నెట్టి చూసి, డయల్ వైపు కాకుండా నా వైపు చూసి తల ఊపాడు.

ఇంపెల్లర్ వైపు 6312 ఔటర్ రింగు హౌసింగ్‌లో జరిగేలా వదిలాం. షాఫ్ట్ వేడెక్కి సాగినప్పుడు అది జరగాలి, రెండు చివర్లా కట్టేస్తే మళ్లీ బిగుసుకుంటుంది.

15వ రోజు

టెస్టు. ఐఎస్‌ఓ వీజీ 68 నూనె, లెవెల్ కింది బాల్ మధ్యకి. పక్కనున్న ఆయిలర్ సీసా ఆ లెవెల్‌ని పట్టుకుని ఉంటుంది. ఎక్కువ పోస్తే చల్లగా ఉంటుందనుకునేవాళ్లు చాలామంది. బాల్స్ నూనెని మజ్జిగలా చిలికి ఇంకా వేడి పుట్టిస్తాయి.

మా టెస్ట్ ట్యాంకులో నీళ్లే. నీళ్లు డీజిల్ కంటే బరువు, అదే ఫ్లోకి మోటారు ఎక్కువ లాగుతుంది. అందుకే ఆంప్స్ మీద కన్నేసి డిశ్చార్జ్ వాల్వు మెల్లగా తిప్పుకుంటూ నడిపాం. షెడ్డులో 31 డిగ్రీలు. గంటకి బేరింగ్ దగ్గర 49, రెండు గంటలకి 57, తర్వాత 58 దగ్గర ఆగి ఇంక కదల్లేదు. నూనె పెరుగుదల 40 డిగ్రీల లోపు ఉండాలి, మనది 27. వైబ్రేషన్ సెకనుకి 1.9 మి.మీ., ఏపీఐ పరిమితి 3.0. నాలుగు గంటలు నడిపి ఆపాం.

చివర్లో ఫిట్టరన్న హౌసింగ్ మీద అరచెయ్యి ఆనించి పదిదాకా లెక్కపెట్టాడు. తీయలేదు. "పట్టుకోవచ్చు" అన్నాడు. అదే అతని సర్టిఫికెట్.

ఏడో వారం

టెర్మినల్‌కి వెళ్లొచ్చాను. ఏ పంపు గ్యాంట్రీకి డీజిల్ తోస్తోంది, బేరింగ్ 60 దగ్గర. నూనె గాజు సీసాలో తేనె రంగులోనే ఉంది. మేడమ్ రిజిస్టర్‌లో రోజూ రెండు పూటలా టెంపరేచర్ రాయిస్తోంది.

పక్కనే బీ పంపు స్టాండ్‌బైలో నిలబడి ఉంది. నెలల తరబడి తిప్పలేదట. ఏ పంపు అదురు పునాదిలోంచి దానికి పాకుతుంది. నిలబడి ఉన్న బేరింగులో బాల్స్ ఒకేచోట సన్నగా కంపిస్తూ, బాల్‌కి ఒక గుంట చొప్పున తినేస్తాయి. వారానికోసారి షాఫ్ట్‌ని చేత్తో తిప్పి వేరే చోట ఆపమన్నాను, వీలైతే పంపులు మార్చి మార్చి నడపమన్నాను. నేను తిప్పి చూశాను. సన్నటి టిక్ టిక్.

ఇవాళ ఉదయం బీ కూడా ట్రాలీ ఆటోలో వచ్చింది. దీని షాఫ్ట్ కూడా అప్పుడే, అక్కడే బాగుచేయించారట. ఫిట్టరన్న బేరింగులు తీయకముందే మైక్రోమీటర్, రేడియస్ గేజ్ రెండూ తెచ్చి బెంచీ మీద పెట్టాడు. మధ్యాహ్నం బేరింగులు పీకాక కొలిచాం. 60.031.